వాన రాకముందు ఒకసారి, వాన వెళ్లాక ఒకసారి: వైర్‌లెస్ కేబుల్‌ను ఎప్పుడు పరీక్షించాలి, ఎప్పుడు మార్చాలి?

ఉసూర్ (బస్తర్, ఛత్తీస్‌గఢ్): దక్షిణ బస్తర్‌లోకి నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ రెండో వారంలో ప్రవేశిస్తాయి. అప్పటి నుంచి అక్టోబరు వరకు బీజాపూర్ జిల్లా ఉసూర్ తహసీల్ పరిధిలోని పల్లెలకు రాకపోకలు వాగుల ఉద్ధృతి మీద ఆధారపడి ఉంటాయి. బాసగూడ వద్ద పారే తాల్‌పేరు నదే సరిహద్దు దాటి తెలంగాణలో చర్ల సమీపాన తాలిపేరు జలాశయానికి చేరుతుంది. దక్షిణాన రెండు రాష్ట్రాల సరిహద్దు వెంబడి కర్రెగుట్టలు విస్తరించి ఉన్నాయి. ఇదే తహసీల్‌కు చెందిన పామేడు వాసులు తమ జిల్లా కేంద్రానికి వెళ్లడానికి చాలా ఏళ్లపాటు తెలంగాణలోని చర్ల మీదుగా చుట్టు తిరిగి ప్రయాణించవలసి వచ్చింది. దోర్లా, గోండీ మాటలతో పాటు తెలుగు కూడా వినిపించే ప్రాంతమిది. మిరప కోతల కాలంలో ఇక్కడి కూలీలు గోదావరి తీరంలోని తెలుగు పల్లెలకు వలస వెళ్లడం ఏటా జరిగేదే.

ఇటువంటి చోట సమాచార సాధనం అంటే మొబైల్ ఫోను ఒక్కటే అనుకోవడానికి వీలు లేదు. వామపక్ష తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల్లోని 2,343 చోట్ల 2జీ సేవలను 4జీకి మార్చే ప్రతిపాదనకు కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. టవర్లు పెరుగుతున్నాయి. అయినా సౌర ఫలకాల మీద నడిచే టవరు వరుసగా నాలుగు రోజులు ముసురు పట్టినప్పుడు మూగబోతే, లోయలోకి దిగిన మనిషికి సిగ్నల్ అందకపోతే మిగిలేది వైర్‌లెస్ సెట్టే. పోలీసు ఠాణాలు, భద్రతా బలగాల శిబిరాలు, అటవీశాఖ చౌకీలు దానిపైనే ఆధారపడతాయి. 2025 ఏప్రిల్ 21 నుంచి మే 11 వరకు కర్రెగుట్టల్లో 21 రోజులపాటు సాగిన ఆపరేషన్ తరువాత ఈ ప్రాంతం పేరు దేశమంతటికీ తెలిసింది. అక్కడి అడవిలో పాము కాటుకు గురైన కూలీ గురించైనా, గాయపడిన జవాను గురించైనా మొదటి కబురు రేడియో తరంగాల మీదే రావలసిన సందర్భాలు ఉంటాయి.

ఆ కబురు అందాలంటే సెట్టు, బ్యాటరీ, యాంటెన్నా మూడూ బాగుండాలన్నది అందరికీ తెలుసు. ఆ మూడింటినీ కలిపే నల్లటి తీగ గురించి ఆలోచించేవారు తక్కువ. సెట్టు గదిలో భద్రంగా ఉంటుంది, బ్యాటరీని వారం వారం చూస్తారు. యాంటెన్నా వంగితే కింది నుంచే కనిపిస్తుంది. స్తంభం పొడవునా ఎండకూ వానకూ నిలిచి ఉండే కోయాక్సియల్ కేబుల్ మాత్రం లోపలి నుంచి చెడుతుంది. చెడిన తరువాత కూడా పైకి కొత్తదానిలాగే కనిపించగలదు. అంతకంటే ముఖ్యంగా, చెడిన కేబుల్ తన లోపాన్ని మీటరుకు సైతం కనబడకుండా దాస్తుంది. పరీక్ష ఎప్పుడు, ఎలా చేయాలన్న ప్రశ్నకు జవాబంతా ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది.

తీగలో కరిగిపోయే శక్తి

కోయాక్సియల్ కేబుల్ నిర్మాణం సరళమైనది. నడుమ ఒక రాగి తీగ, దాని చుట్టూ పాలిథిన్ వంటి నిరోధక పదార్థం, దానిపైన రాగి పోగులతో నేసిన అల్లిక, అన్నిటికీ పైన ప్లాస్టిక్ తొడుగు. నడిమి తీగకూ అల్లికకూ మధ్యనున్న చోటులోనే రేడియో శక్తి ప్రయాణిస్తుంది. ఆంగ్ల శాస్త్రవేత్త ఆలివర్ హెవిసైడ్ 1880లోనే ఈ ఏర్పాటుకు పేటెంటు పొందారు. అమెరికాలోని బెల్ సంస్థ ఇంజినీర్లు లాయిడ్ ఎస్పెన్‌షీడ్, హెర్మన్ ఆఫెల్ దానిని 1930 ప్రాంతంలో నేటి వాడుకకు తగిన రూపానికి తెచ్చారు. సూత్రం నాటి నుంచి మారలేదు. మారినదల్లా పదార్థాల నాణ్యతే.

ఎంత మంచి కేబుల్ అయినా శక్తిలో కొంత భాగాన్ని వేడిగా మార్చి పోగొడుతుంది. ఈ నష్టాన్ని డెసిబెళ్లలో కొలుస్తారు. ఒక డెసిబెల్ నష్టమంటే శక్తిలో ఇంచుమించు ఐదోవంతు పోయినట్లు. మూడు డెసిబెళ్లు అంటే సగం, పది డెసిబెళ్లు అంటే పదిలో తొమ్మిది వంతులు పోయినట్లు లెక్క. పోలీసు, అటవీశాఖ సెట్లు ఎక్కువగా పనిచేసే వీహెచ్ఎఫ్ పట్టీలో, 150 మెగాహెర్ట్జ్ వద్ద, 30 మీటర్ల కేబుల్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. సన్నని ఆర్‌జీ-58 రకమైతే దాదాపు ఆరు డెసిబెళ్లు, చిటికెన వేలంత లావుండే ఆర్‌జీ-213 అయితే రెండున్నర, ఎల్‌ఎంఆర్-400 వంటి తక్కువ నష్టపు రకమైతే ఒకటిన్నర డెసిబెళ్లు పోతాయి. 25 వాట్ల సెట్టు నుంచి బయలుదేరిన శక్తిలో యాంటెన్నాకు చేరేది వరుసగా దాదాపు 6, 14, 18 వాట్లు. కేబుల్ కొత్తదిగా ఉన్నప్పటి మాట ఇది.

నష్టం ఒక్క ప్రసారానికే పరిమితం కాదు. బయటి నుంచి వచ్చే బలహీనమైన సంకేతం కూడా అదే తీగ గుండా దిగాలి. ఠాణాలోని సెట్టు శక్తి 25 వాట్లు. అడవిలో నడిచే గార్డు చేతిలోని వాకీటాకీది మామూలుగా ఐదు వాట్లు, దాని యాంటెన్నా జానెడు. కేబుల్ చెడినప్పుడు ఠాణా మాట గార్డుకు ఇంకా వినిపిస్తూనే ఉంటుంది, గార్డు మాట మాత్రం ఠాణాకు చేరదు. ‘మన సెట్టు బాగానే ఉంది, అవతలివారే సరైన చోట నిలబడటం లేదు’ అన్న నిర్ధారణకు రావడానికి ఇంతకంటే ఏమీ అక్కర లేదు. కబురు అవసరమైనది అడవిలోని మనిషికి. తప్పు పడేది కూడా అతని మీదే.

మంచి రీడింగు చెప్పే అబద్ధం

యాంటెన్నా వ్యవస్థ ఆరోగ్యాన్ని చూడటానికి సాధారణంగా వాడేది ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు. సెట్టు నుంచి వెళ్లిన శక్తిలో ఎంత భాగం యాంటెన్నా తీసుకోక వెనక్కి తిరిగి వస్తున్నదో అది సూచిస్తుంది. రీడింగు ఒకటికి దగ్గరగా ఉంటే మేలు, రెండు దాటితే ఆలోచించాలి, మూడు దాటితే సెట్టును ఆపాలి అని సాంకేతిక సిబ్బందికి మొదట్లోనే నేర్పుతారు. సూత్రంలో తప్పు లేదు. అయితే మీటరు ఉండేది సెట్టు పక్కన, యాంటెన్నా ఉండేది తీగకు అవతలి కొసన. రెంటి నడుమ నష్టం ఉంది.

30 మీటర్ల ఆర్‌జీ-58 పైకొసన యాంటెన్నా గాలికి విరిగి పూర్తిగా ఊడిపోయిందనుకుందాం. పైకి వెళ్లిన శక్తి ఆరు డెసిబెళ్లు కోల్పోతుంది. కొసన దారి లేక మొత్తం వెనక్కి తిరుగుతుంది. దిగేటప్పుడు మళ్లీ ఆరు డెసిబెళ్లు పోతాయి. కింద మీటరుకు కనిపించేది పన్నెండు డెసిబెళ్లు తగ్గిన ప్రతిధ్వని మాత్రమే. అప్పుడు మీటరు చూపే ఎస్‌డబ్ల్యూఆర్ సుమారు 1.7. యాంటెన్నాయే లేని వ్యవస్థను మీటరు బాగుందని ధ్రువీకరించినట్లవుతుంది. నీరు చేరి నష్టం పది డెసిబెళ్లకు పెరిగిన కేబుల్ అయితే రీడింగు 1.2 చుట్టూ ఉంటుంది. కొత్త యాంటెన్నా అమర్చిన రోజున కూడా అంత చక్కని అంకె రావడం అరుదు.

కనుక ఏళ్ల తరబడి 1.6 చూపిన వ్యవస్థ ఎవరూ ముట్టుకోకుండానే 1.2కు మెరుగుపడితే సంతోషించవలసిన పని లేదు. కేబుల్ శక్తిని మింగుతున్నదని అనుమానించాలి. రీడింగు చెడటం ఒక హెచ్చరిక అయితే, కారణం లేకుండా బాగుపడటం అంతకంటే పెద్ద హెచ్చరిక. శాఖాపరమైన తనిఖీ పత్రాల్లో ‘ఎస్‌డబ్ల్యూఆర్ తృప్తికరం’ అన్న ఒక్క గడితో సరిపెట్టే అలవాటు ఈ కారణంగానే చాలదు.

వత్తి నూనె పీల్చినట్లు

కేబుల్‌కు మొదటి శత్రువు నీరు. బస్తర్ ప్రాంతంలో ఏటా సగటున 1,300 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురుస్తుంది. అందులో అత్యధిక భాగం నాలుగు నెలల్లోనే పడుతుంది. నీరు లోపలికి చేరడానికి తొడుగు చిరగవలసిన పని లేదు. పైకొసన యాంటెన్నాకు బిగించిన కనెక్టరు చాలు. విరివిగా వాడే పీఎల్-259 కనెక్టరుకు నీటిని ఆపే గుణం ఏమాత్రం లేదు. దానిపై చుట్టిన టేపు ఎండకు జిగురు కోల్పోయి ఒక కొస లేచిందంటే తొలకరి చినుకులు అల్లికలోకి దిగుతాయి. దీపం వత్తి నూనెను పీల్చుకున్నట్లు రాగి పోగులు నీటిని మీటర్ల దూరం లాక్కుంటాయి. రాగి మొదట నల్లబడి, తరువాత చిలుము పడుతుంది. అల్లికలోని పోగుకూ పోగుకూ మధ్య తాకిడి చెడి నష్టం పెరుగుతుంది. వాన వెలిశాక తడి కొంత ఆరవచ్చు. చిలుము పోదు. అందుకే ఆగస్టులో మాట అందక, డిసెంబరులో తిరిగి బాగైనట్లు తోచిన కేబుల్ మరుసటి ఆగస్టు నాటికి మరింత దిగజారుతుంది.

ఎండ రెండో శత్రువు. ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రాంతపు ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఇనుప స్తంభానికి ఆనించి కట్టిన నల్లటి తీగ అంతకంటే ఎక్కువ వేడెక్కుతుంది. చౌక రకం పీవీసీ తొడుగును మెత్తగా ఉంచేందుకు కలిపే రసాయనాలు ఆ వేడికి నెమ్మదిగా లోపలికి ఇంకి నిరోధక పదార్థాన్ని, అల్లికను పాడుచేస్తాయి. తొడుగు గట్టిపడి, వంచిన చోట సన్నని పగుళ్లు వస్తాయి. నురుగు రకం నిరోధకం ఉన్న కేబుళ్లలో మరో చిక్కు ఉంది. బిగుతుగా వంచిన మలుపు వద్ద వేడికి మెత్తబడిన నురుగులో నడిమి తీగ మెల్లగా ఒక పక్కకు జరుగుతుంది. కొన్నేళ్లకు అది అల్లికను తాకినా ఆశ్చర్యం లేదు. మలుపు వ్యాసార్ధం కేబుల్ మందానికి కనీసం పదింతలు ఉండాలనే వాడుక నియమం ఇందుకే ఏర్పడింది.

అడవి అంచున ఉండే కేబుల్‌కు మరికొన్ని బాధలు అదనం. ఉడుతలు, ఎలుకలు తొడుగును కొరుకుతాయి. నేలలో గొట్టం లేకుండా పాతిన తీగను చెదలు వదలవు. కోతులు స్తంభం మీద వేలాడే ఏ తీగనైనా పట్టి లాగుతాయి. కట్టు సరిగా లేని కేబుల్ గాలికి ఊగి ఇనుప అంచుకు రాసుకుంటూ ఒక రుతువులోనే తొడుగు కోల్పోతుంది. గాలి వీచినప్పుడల్లా సెట్టులో గరగర వినిపించి, గాలి ఆగగానే ఆ చప్పుడు పోతుంటే అల్లిక ఎక్కడో తెగి వదులుగా తాకుతోందని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు.

ఎప్పుడు చూడాలి?

తయారీదారులు రాసే ‘ఆరు నెలలకోసారి’ వంటి మాట ఎక్కడైనా వర్తించేలా చెప్పినది. ఉసూర్ వంటి చోట క్యాలెండరు కంటే రుతువు నమ్మదగినది. మొదటి తనిఖీ మే నెలలో, తొలకరికి కనీసం రెండు వారాల ముందు జరగాలి. అప్పటికి ఎండ చేయగలిగిన చెరుపంతా చేసి ఉంటుంది, టేపు ఎక్కడ లేచిందో, తొడుగు ఎక్కడ పగిలిందో కనబడుతుంది. స్తంభం పొడిగా ఉంటుంది కనుక ఎక్కడం క్షేమం. దారులు తెరచి ఉంటాయి కనుక అవసరమైన కేబుల్, కనెక్టర్లు తెప్పించుకోవచ్చు. జులైలో లోపం బయటపడితే దాన్ని సరిచేయగల సామగ్రి, మనిషి ఇద్దరూ వాగుకు అవతలే ఉండిపోవచ్చు.

రెండో తనిఖీ వానలు వెనుదిరిగిన తరువాత, అక్టోబరు చివరలో. ఇందులో కంటి చూపు కంటే కొలత ముఖ్యం. నాలుగు నెలల వాన లోపల ఏమి చేసిందో మే నాటి అంకెతో పోల్చినప్పుడే తెలుస్తుంది.

ఈ రెండూ కాక కొన్ని సంఘటనలు తమంతట తాముగా తనిఖీని కోరతాయి. సమీపంలో పిడుగు పడినప్పుడు సెట్టు పనిచేస్తున్నా సరే కేబుల్‌ను, పిడుగు నిరోధకాన్ని విప్పి చూడాలి. క్షణకాలపు అధిక వోల్టేజి నిరోధక పదార్థంలో సూదిబెజ్జమంత రంధ్రం చేసి వదిలిపెట్టగలదు. స్తంభాన్ని మార్చినా, యాంటెన్నాను దించి ఎక్కించినా, పైకప్పు మరమ్మతు జరిగినా మళ్లీ కొలవాలి. ఇంతకాలం అందిన చౌకీ నుంచి మాట అందడం లేదని ఎవరైనా చెబితే, ఆ ఫిర్యాదును కూడా తనిఖీకి పిలుపుగానే తీసుకోవడం మంచిది. ఇక్కడొక జాగ్రత్త అవసరం. ముందుగా బ్యాటరీ వోల్టేజిని, అదీ ప్రసార మీట నొక్కి ఉంచి, చూడాలి. ముసురు రోజుల్లో సరిగా చార్జి కాని బ్యాటరీ 11 వోల్టులకు కుంగి శక్తి తగ్గించినా లక్షణాలు చెడిన కేబుల్ లక్షణాల్లాగే ఉంటాయి. ఆ నిమిషం పని ఒక్కోసారి స్తంభం ఎక్కే శ్రమను తప్పిస్తుంది.

ఎలా చూడాలి?

చూపుతో మొదలుపెట్టాలి. సెట్టు ఆపి, కేబుల్ విడదీసి, కింది నుంచి పైదాకా అరచేతిలో తీగను జార్చుకుంటూ వెళితే పగులు, నొక్కు, ఉబ్బు చేతికే తెలుస్తాయి. కింది కనెక్టరు విప్పినప్పుడు అందులోంచి ఒక్క నీటి చుక్క రాలినా మిగతా పరీక్షల అవసరం దాదాపు లేనట్లే. పైన చొరబడిన నీరు పొడవంతా ప్రయాణించి కిందికి చేరిందని దాని అర్థం. పై కనెక్టరు వద్ద టేపు విప్పి లోపలి రాగి రంగు చూడాలి. మెరిసే ఎరుపు ఆరోగ్యం, ముదురు గోధుమ రంగు అనుమానం, నలుపు లేదా ఆకుపచ్చ చిలుము రోగం.

తరువాతది మల్టీమీటరు పని. పైకొసన యాంటెన్నా విడదీసి ఖాళీగా వదిలితే, కింద నడిమి తీగకూ అల్లికకూ మధ్య నిరోధం అనంతంగా కనిపించాలి. ఏ అంకె కనిపించినా తడి గానీ, తాకిడి గానీ ఉన్నట్లే. అటుపై పైకొసన రెంటినీ కలిపి కొలిస్తే 30 మీటర్ల ఆర్‌జీ-213లో నిరోధం అర ఓమ్ లోపే ఉండాలి. కేబుల్‌ను చేత్తో ఊపుతున్నప్పుడు ఆ అంకె ఎగిరిపడితే కనెక్టరులోని టంకం వదిలింది. యాంటెన్నా విడదీయకుండా ఈ పరీక్ష చేయడం వృథా. చాలా రకాల బేస్ యాంటెన్నాలు పిడుగు రక్షణ కోసం ఏకముఖ విద్యుత్తుకు షార్టుగానే నిర్మితమై ఉంటాయి కనుక మంచి కేబుల్ కూడా చెడినట్లు కనిపిస్తుంది.

మల్టీమీటరు బాగుందన్నంత మాత్రాన పని ముగియదు. అది కొలిచేది ఏకముఖ విద్యుత్తును, కేబుల్ మోసేది 150 మెగాహెర్ట్జ్ శక్తిని. నష్టాన్ని నేరుగా తెలుసుకోవడానికి ఇప్పుడు అరచేతిలో ఇమిడే యాంటెన్నా ఎనలైజర్లు, నానో వీఎన్ఏ వంటి చవక పరికరాలు దొరుకుతున్నాయి. పైకొస ఖాళీగా ఉంచి కింది నుంచి ప్రతిధ్వని నష్టాన్ని కొలిచి దానిలో సగం తీసుకుంటే అదే కేబుల్ నష్టం. పరికరం ఎస్‌డబ్ల్యూఆర్ మాత్రమే చూపేదైనా ఫరవాలేదు. ఖాళీ కొసతో ఆరోగ్యమైన 30 మీటర్ల ఆర్‌జీ-213 సుమారు 3.5 చూపుతుంది. అది రెండుకు దిగితే రెండు డెసిబెళ్లకు పైగా అదనపు నష్టం చేరినట్లు. ఈ పరీక్షలో ఎక్కువ అంకె మంచిది, తక్కువ అంకె చెడ్డది. మామూలు అలవాటుకు ఇది తలకిందులు కనుక కొలిచేవారు తడబడకుండా పక్కన రాసి పెట్టుకోవడం మేలు. కొస ఖాళీగా ఉన్నప్పుడు అసలు సెట్టుతో ప్రసారం చేయకూడదు. ఎనలైజర్ లేనిచోట పైకొసన 50 ఓమ్‌ల డమ్మీ లోడు, శక్తి మీటరు పెట్టి, కింద ఎంత వెళ్తోంది, పైన ఎంత చేరుతోంది అని రెండు చోట్లా చూస్తే నష్టం తేటతెల్లమవుతుంది.

ఈ కొలతలన్నిటికీ ప్రాణం మొదటి రోజు రాసుకున్న అంకె. కొత్త కేబుల్ బిగించిన నాడే దాని రకం, పొడవు, తేదీ, ఖాళీ కొస రీడింగు, యాంటెన్నాతో రీడింగు నమోదు చేయకపోతే మూడేళ్ల తరువాత వచ్చే సాంకేతికుడు దేనితో పోల్చాలి? సిబ్బంది బదిలీపై మారుతుంటారు, రిజిస్టర్లు బీరువాల్లో మరుగునపడతాయి. సెట్టు వెనుక గోడ మీద రంగుతో రాసిన నాలుగు అంకెలు మాత్రం అక్కడే ఉంటాయి.

ఎప్పుడు మార్చాలి?

మొదటి రోజు అంకె కంటే నష్టం ఒక డెసిబెల్ పెరిగితే ముందు కనెక్టర్లను అనుమానించాలి. రెండు కొసల కనెక్టర్లూ కోసి కొత్తవి వేసి మళ్లీ కొలవాలి. చాలాసార్లు లోపం అక్కడితో తీరుతుంది. కొత్త కనెక్టర్లతో కూడా నష్టం తగ్గకపోయినా, రెండు డెసిబెళ్లు దాటినా కేబుల్‌ను పూర్తిగా మార్చవలసిందే. నీరు చేరిన కేబుల్‌ను ఎండబెట్టి వాడటం పొదుపులా కనిపిస్తుంది, కానీ అల్లిక మీది చిలుము ఎండకు పోయేది కాదు. పై నుంచి కొంచెం కొంచెంగా కోసుకుంటూ మెరిసే రాగి కనిపించేదాకా వెళ్లవచ్చు. మీటరు దాటినా నలుపే కనిపిస్తుంటే అక్కడితో ఆ ప్రయత్నం మానాలి. తొడుగు లోతుగా పగిలిన చోట, మెలి పడి నొక్కుకున్న చోట, ఎలుక అల్లికదాకా కొరికిన చోట టేపు చుట్టి కొనసాగించడం తాత్కాలికంగానే సమంజసం. మధ్యలో తెగిన కేబుల్‌ను కరెంటు తీగలా మెలిపెట్టి అతకడం అసలే కుదరదు. ఆ అతుకు వద్ద కేబుల్ కోయాక్సియల్‌గా ఉండటం మానేస్తుంది. తప్పనిసరి అయితే రెండు కొసలకూ ఎన్-రకం కనెక్టర్లు వేసి కలపాలి.

వయసును బట్టి మార్చడంపై అభిప్రాయ భేదాలున్నాయి. మామూలు పీవీసీ తొడుగు ఉన్న కేబుల్ ఆరుబయట ఐదారేళ్లు దాటితే అనుమానించాలన్నది వాడుకలో ఉన్న లెక్క. ఎండను తట్టుకునే నల్ల పాలిథిన్ తొడుగు, రసాయనాలు ఇంకని రకం తొడుగు ఉన్నవి అంతకు రెట్టింపు కాలం పనిచేయగలవు. అయితే కొలత సరిగా ఉన్న పాత కేబుల్‌ను తేదీ చూసి పారేయడం, కొలత చెడిన కొత్త కేబుల్‌ను తేదీ చూసి ఉంచడం రెండూ తప్పులే. వాగు దాటి మనిషి రాలేని స్థావరాలకు మాత్రం మినహాయింపు ఇవ్వాలి. అక్కడ అనుమానం కలిగిన కేబుల్‌ను మే నెలలోనే మార్చివేయడం, కొలిచి చూసిన అదనపు కేబుల్ ఒకటి రెండు కనెక్టర్లతో సహా గదిలో ఉంచడం ఖర్చుకు తగినది. కేబుల్ ధర సెట్టు ధరలో చిన్న భాగమే.

కొనేటప్పుడు ఎదురయ్యే ఒక ప్రలోభాన్ని కూడా ప్రస్తావించాలి. చిన్న పట్టణాల్లో టీవీ డిష్‌కు వాడే ఆర్‌జీ-6 కేబుల్ ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. శక్తి నష్టంలో అది ఆర్‌జీ-58 కంటే మెరుగే. అయితే దాని లక్షణ నిరోధం 75 ఓమ్‌లు, వైర్‌లెస్ సెట్లు కోరేది 50. దానికి మించిన చిక్కు, చాలా రకాల్లో నడిమి తీగ రాగిపూత పూసిన ఉక్కు, అల్లిక అల్యూమినియం. అల్యూమినియానికి మామూలు టంకం అంటుకోదు. పీఎల్-259లో ఎలాగో ఇరికించి బిగించినా తొలి వానాకాలంలోనే తుప్పు మొదలవుతుంది. ఆపత్కాలంలో ఒకటి రెండు రోజులకు పనికొస్తుంది, స్థిరమైన ఏర్పాటుకు పనికిరాదు. ఆర్‌జీ-58 పేరుతో అమ్ముడయ్యే కొన్ని చౌక కేబుళ్లలో అల్లిక ఎంత పలచగా ఉంటుందంటే, తొడుగు ఒలిచి చూస్తే లోపలి తెల్లని పాలిథిన్ పోగుల సందుల్లోంచి కనిపిస్తుంది. కొనే ముందు అంగుళం ఒలిచి చూడటానికి అభ్యంతరపెట్టే దుకాణదారు వద్ద కొనకపోవడమే మంచిది.

కొత్త కేబుల్ ఎక్కువ కాలం నిలవడం దాన్ని బిగించే తీరును బట్టి ఉంటుంది. కనెక్టరు మీద ముందుగా సాగదీస్తే తనలో తానే అతుక్కుపోయే రబ్బరు టేపు, దానిపైన మామూలు వినైల్ టేపు చుట్టాలి. పై టేపును కింది నుంచి పైకి చుట్టుకుంటూ వెళ్లాలి. అప్పుడు పెంకుటింటి కప్పులా ప్రతి పై వరుసా కింది వరుస అంచును కప్పుతుంది, నీరు జారిపోతుంది. పై నుంచి కిందికి చుడితే ప్రతి మడతా ఒక దొప్ప అయి నీటిని పట్టి ఉంచుతుంది. గోడలోకి ప్రవేశించే ముందు కేబుల్‌ను కిందికి ఒక వంపు దించి పైకి తీసుకెళితే, తీగ వెంట జారిన నీరు ఆ వంపు వద్ద రాలిపోతుంది. గోడ బయటే పిడుగు నిరోధకం ఉండాలి. దాని ఎర్తింగ్ తీగ పొట్టిగా, నేరుగా నేలలోకి దిగాలి. వేసవిలో ఎర్తు గుంత ఎండిపోయి ఉంటుంది కనుక తొలకరి ఉరుములకు ముందే అందులో నీరు పోసి ఉంచాలి. ఆకాశంలో మబ్బు కమ్మిన రోజున స్తంభం ఎక్కకూడదన్నది చెప్పనవసరం లేని మాట, అయినా ఏటా గుర్తు చేయవలసిన మాట.

హామ్‌లకు తెలిసిన పని

ఈ పద్ధతులేవీ కొత్తవి కావు. ఔత్సాహిక రేడియో నిర్వాహకులు, అంటే హామ్‌లు, తమ ఇళ్ల మీద తరతరాలుగా చేస్తున్నవే. 1983లో హైదరాబాద్‌లో ఏర్పడిన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ తెలుగు నేలపై ఈ విద్యకు కేంద్రంగా ఉంది. ఆ సంస్థలో పనిచేసిన భారతీ ప్రసాద్ 2004 డిసెంబరులో రేడియో యాత్ర నిమిత్తం పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. 26వ తేదీన సునామీ వచ్చి ఇతర మార్గాలు తెగినప్పుడు ఆమె బృందం కేంద్రం అండమాన్ కబుర్లను ప్రధాన భూభాగానికి చేరవేసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకి ఫోన్లు మూగబోయిన రోజుల్లోనూ హామ్‌లు సమాచార సాయం అందించారు. హామ్‌గా ప్రసారం చేయడానికి కేంద్ర ప్రభుత్వ పరీక్ష, లైసెన్సు తప్పనిసరి. 12 ఏళ్లు నిండినవారు పరీక్ష రాయవచ్చు. ప్రభుత్వ శాఖల సాంకేతిక సిబ్బందికి ఆ లైసెన్సు అవసరం లేకపోయినా, కొలిచి రాసుకునే ఆ అలవాటు అవసరమే.

ఉసూర్ పరిసరాల్లో ఈ సంవత్సరపు పనికి రెండు తేదీలు సరిపోతాయి. మే మధ్యలో ఒక పొడి రోజు, అక్టోబరు చివర మరొక రోజు. ఒక్కో స్తంభానికి పట్టేది రెండు గంటలు. కావలసినవి మల్టీమీటరు, ఎనలైజరు, రెండు రకాల టేపు, రెండు కనెక్టర్లు, టంకం పెట్టే కాడ, గోడ మీద అంకెలు రాయడానికి కొంచెం రంగు.